వీధి దీపాలు: రకాలు, పేర్లు

రాత్రివేళ రోడ్లు, కూడళ్లు, వంతెనలు, సందులు కనిపించేలా ప్రజాధనంతో వెలిగించే దీపాలను వీధి దీపాలంటారు. మూడున్నర శతాబ్దాల్లో ఇవి కొవ్వొత్తి నుంచి నూనెకు, నూనె నుంచి గ్యాస్‌కు, గ్యాస్ నుంచి కరెంటుకు మారాయి. కరెంటు దీపాల్లోనూ కార్బన్ ఆర్క్, ఫిలమెంట్, పాదరసం, సోడియం, మెటల్ హాలైడ్, ఎల్ఈడీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ప్రతి తరమూ తన పేర్లను, సంకేతాక్షరాలను వెంట తెచ్చింది. దీపం ఎలా పనిచేస్తుందో, ఎంతకాలం మన్నుతుందో, ఏ రంగు కాంతినిస్తుందో చాలావరకు ఆ పేరులోనే ఉంటుంది. అందువల్ల రకాలను, పేర్లను కలిపి చెప్పుకోవడమే మేలు.

పేర్లకు నాలుగు ఆధారాలు

మాటల్లో ‘వీధి దీపం’ అని ఒక్కటిగా అనేదానిలో నిజానికి చాలా భాగాలున్నాయి. వెలుగునిచ్చేది బల్బు లేదా ఎల్ఈడీ. దానికి వాన, దుమ్ము తగలకుండా కాపాడి, కాంతిని రోడ్డు మీదికి మళ్లించేది ఫిట్టింగ్. సోడియం, పాదరసం, మెటల్ హాలైడ్ దీపాలకు కరెంటును అదుపు చేసే చోక్ కావాలి. కొన్నింటికి వెలిగించే ఇగ్నైటర్ కూడా కావాలి. ఎల్ఈడీలో ఈ పని డ్రైవర్ చేస్తుంది. వీటన్నిటినీ మోసేవి బ్రాకెట్, స్తంభం.

పేర్లు నాలుగు ఆధారాల మీద పుట్టాయి. కాంతి దేని నుంచి పుడుతోందన్నది మొదటిది: సోడియం దీపం, మెర్క్యురీ దీపం. బల్బు ఆకారం, మూతి కొలత రెండోది: గొట్టపు బల్బు, ఇ40 మూతి. ఫిట్టింగ్, స్తంభాల రూపం మూడోది: హైమాస్ట్, పోస్ట్ టాప్. వెలుగు రోడ్డు మీద ఎలా పరుచుకుంటుందన్నది నాలుగోది: కట్-ఆఫ్, సెమీ కట్-ఆఫ్. ఒకే దీపానికి ఈ నాలుగు పేర్లూ ఏకకాలంలో వర్తిస్తాయి. గందరగోళమంతా వీటిని కలగలపడం వల్లే వస్తుంది.

నూనె, గ్యాస్ దీపాలు

నగరమంతటికీ ఒక పద్ధతి ప్రకారం దీపాలు పెట్టించిన తొలి పాలకుల్లో 14వ లూయీ ఒకడు. 1667లో పారిస్ పోలీసు అధిపతి లా రెనీ వీధుల్లో కొవ్వొత్తులున్న గాజు లాంతర్లు వేలాడదీయించాడు. దొంగతనాలు, హత్యలు తగ్గించడమే దాని ఉద్దేశం. తర్వాతి శతాబ్దంలో వాటి స్థానంలోకి అద్దాలు అమర్చిన నూనె దీపాలు వచ్చాయి. ఫ్రెంచి వారు వాటిని ‘రెవెర్బేర్’ అన్నారు. కాంతిని తిప్పికొట్టేది అనే భావంతో పెట్టిన ఈ పేరు వత్తిని గాక అద్దాన్ని ముందుకు తెచ్చింది.

బొగ్గు నుంచి తీసిన గ్యాస్‌తో విలియం మర్డాక్ 1792లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో తన ఇల్లు వెలిగించాడు. 1807లో ఫ్రెడరిక్ ఆల్బర్ట్ విన్సర్ లండన్‌లోని పాల్‌మాల్ వీధిలో గ్యాస్ దీపాలు ప్రదర్శించాడు. 1812లో గ్యాస్ కంపెనీ ఏర్పడింది. 1813 చివర వెస్ట్‌మినిస్టర్ వంతెన గ్యాస్‌తో వెలిగింది. అమెరికాలో బాల్టిమోర్ 1817లో ఆ బాట పట్టింది. మన దేశంలో కలకత్తా వీధుల్లో 1857లో, బొంబాయిలో 1865లో గ్యాస్ దీపాలు వచ్చాయి.

తొలినాటి గ్యాస్ దీపం వట్టి మంట. కాంతి తక్కువ, మసి ఎక్కువ. దీన్ని మార్చినవాడు ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్. లోహ లవణాల్లో ముంచిన నూలు అల్లికను మంట మీద ఉంచితే నూలు కాలిపోయి ఆక్సైడ్ల గూడు మిగులుతుంది. అది వేడెక్కి తెల్లగా ప్రకాశిస్తుంది. ఇదే మాంటిల్. 1885లో మొదటి పేటెంటు పొందిన ఆయన 1891 నాటికి 99 శాతం థోరియం ఆక్సైడ్, ఒక శాతం సీరియం ఆక్సైడ్ మిశ్రమం శ్రేష్ఠమని తేల్చాడు. ఆ థోరియం కోసమే తిరువాన్కూరు తీరంలోని మోనజైట్ ఇసుక యూరప్‌కు ఎగుమతి అయ్యేది. ఆ ఖనిజం భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఉంది.

గ్యాస్ గొట్టాలు చేరని ఊళ్లలో కిరసనాయిలు లాంతర్లే వీధి దీపాలు. మునిసిపాలిటీ మనిషి నిచ్చెన వేసుకుని సాయంత్రం వెలిగించడం, చిమ్నీ తుడవడం, తెల్లవారాక ఆర్పడం నిత్యం జరిగే పని. జాతర్లకు, ఊరేగింపులకు పెట్రోమాక్స్ వెలిగేది. ఇందులో గాలి ఒత్తిడితో కిరసనాయిలు ఆవిరై మాంటిల్ దగ్గర మండుతుంది. తెలుగు నాట దాన్ని గ్యాస్ లైటు అనడం అందువల్ల పొరపాటేమీ కాదు. మండేది ద్రవం కాదు, దాని ఆవిరే. బెర్లిన్‌లో నిజమైన గ్యాస్ వీధి దీపాలు ఇప్పటికీ వేల సంఖ్యలో ఉన్నాయి.

ఆర్క్, ఫిలమెంట్ దీపాలు

రెండు కార్బన్ కడ్డీల మధ్య ఖాళీలో కరెంటు దూకినప్పుడు పుట్టే కళ్లు చెదిరే వెలుగే ఆర్క్. రష్యా ఇంజనీరు పావెల్ యాబ్లోచ్‌కోవ్ 1876లో రెండు కడ్డీలను పక్కపక్కనే నిలబెట్టి, మధ్య కరెంటు పారని పదార్థం పెట్టి సులభమైన దీపం చేశాడు. 1878లో పారిస్‌లోని ఒపెరా వీధి వాటితో వెలిగింది. కడ్డీలు క్రమంగా కాలి తరిగిపోయే ఆ దీపానికి యాబ్లోచ్‌కోవ్ కొవ్వొత్తి అని పేరొచ్చింది. కొత్త వస్తువు పాత దీపం పేరుతోనే జనంలోకి వెళ్లడం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

అమెరికాలో చార్లెస్ బ్రష్ 1879 ఏప్రిల్ 29న క్లీవ్‌లాండ్ కూడలిని 12 ఆర్క్ దీపాలతో వెలిగించాడు. వెలుగు మరీ తీవ్రం కావడంతో మనిషి ఎత్తులో పెట్టడం కుదరలేదు. అందుకని కొన్ని ఊళ్లలో ఎత్తైన బురుజులు కట్టి, వాటి పైన ఆర్క్ దీపాలు పెట్టారు. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో 1894–95లో 31 బురుజులు నిలిపారు. ఒక్కొక్కటి సుమారు 50 మీటర్ల ఎత్తు. ‘మూన్‌లైట్ టవర్లు’ అని పిలిచిన వాటిలో కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. ఇప్పటి హైమాస్ట్ ఆలోచనకు ఇవే పూర్వరూపం.

భారతదేశంలో డార్జిలింగ్ వీధుల కోసం 1897లో సిద్రాపాంగ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. శివనసముద్రం కరెంటుతో బెంగళూరు వీధి దీపాలు 1905 ఆగస్టు 5న వెలిగాయి. ఈలోగా ఫిలమెంట్ బల్బు బలపడింది. 1910 ప్రాంతంలో సాగే గుణమున్న టంగ్‌స్టన్ తీగ, 1913లో వాయువు నింపిన బల్బు వచ్చాక వీధుల్లో ఆర్క్ దీపం వెనకబడింది. అయితే ఫిలమెంట్ బల్బు వాట్‌కు 10 నుంచి 15 ల్యూమెన్లే (వెలుగు పరిమాణానికి కొలత) ఇస్తుంది; ఆయుష్షు సుమారు 1,000 గంటలు. రాత్రికి 11 గంటలు వెలిగితే మూడు నెలల్లో మార్చాల్సిందే.

మెర్క్యురీ దీపాలు

ఎక్కువ పీడనంలో పాదరసపు ఆవిరి గుండా కరెంటు పారించే దీపం 1932లో లండన్ సమీపంలోని వెంబ్లీలో వీధికెక్కింది. దాని కాంతి నీలాకుపచ్చ ఛాయలో ఉంటుంది. పాదరసపు వర్ణపటంలో ఎరుపు దాదాపు లేకపోవడం వల్ల మనిషి ముఖం పాలిపోయినట్టు కనిపించేది. ఈ లోపం తీర్చడానికి బయటి గాజు లోపల ఫాస్ఫర్ పూత పూశారు. దీపం వెలువరించే అతినీలలోహిత కిరణాలను ఆ పూత ఎర్రని కాంతిగా మారుస్తుంది. పాలతెలుపు పూతతో అండాకారంలో ఉండే ఆ బల్బే మన ఊళ్లలో దశాబ్దాల పాటు మెర్క్యురీ లైటుగా పేరుపడింది. 80, 125, 250, 400 వాట్లు దాని సాధారణ పరిమాణాలు.

లోపలే సహాయక ఎలక్ట్రోడ్ ఉండటం వల్ల దీనికి ఇగ్నైటర్ అక్కర్లేదు, చోక్ చాలు. పూర్తి వెలుగు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా గొట్టం చల్లబడే వరకు మళ్లీ వెలగదు. దీపం ఏళ్ల తరబడి ఆరకుండా ఉంటుంది. వెలుగు మాత్రం తరుగుతూ పోతుంది. వెలుగుతూనే ఉందన్న కారణంతో మార్చకుండా వదిలేసిన మెర్క్యురీ దీపాలు కరెంటు తిని వెలుగివ్వని దీపాలయ్యాయి. పాదరసం మీద మినమాటా ఒప్పందం సాధారణ వెలుతురుకు వాడే అధిక పీడన మెర్క్యురీ దీపాల తయారీకి 2020ని గడువుగా పెట్టింది.

సోడియం దీపాలు: రెండు వేరు వేరు దీపాలు

‘సోడియం లైటు’ అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు దీపాలున్నాయి. ఒకటి అల్ప పీడన సోడియం దీపం. దీన్ని 1932లో నెదర్లాండ్స్‌లోని బేక్–గెలీన్ రోడ్డు మీద వెలిగించారు. దాని కాంతి దాదాపు అంతా 589 నానోమీటర్ల దగ్గరి రెండు గీతల్లోనే ఉంటుంది. పగటి చూపు అత్యధికంగా స్పందించే 555 నానోమీటర్లకు ఇది దగ్గర కనుక వాట్‌కు ల్యూమెన్ల లెక్కలో ఎంతో మేలైనది; శ్రేష్ఠమైనవి 180 దాకా ఇచ్చాయి. కానీ ఒకే రంగు కాంతి కింద ఎర్ర కారు, నీలం కారు రెండూ బూడిద రంగులోనే కనిపిస్తాయి. వెలిగించిన కొత్తలో లోపలి నియాన్ వల్ల ఎర్రగా మొదలై, పది నిమిషాల్లో పసుపుకు తిరుగుతుంది. ఖగోళ శాస్త్రజ్ఞులు దీన్ని ఇష్టపడ్డారు, ఎందుకంటే ఒక్క రంగును టెలిస్కోపు దగ్గర సులభంగా వడగట్టవచ్చు. బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో విస్తారంగా వాడిన ఈ దీపం మన దేశపు వీధుల్లో అంతగా స్థిరపడలేదు.

రెండోది అధిక పీడన సోడియం దీపం. మన రహదారుల మీద బంగారు ఛాయలో వెలిగినది ఇదే. వేడెక్కిన సోడియం మామూలు గాజును, క్వార్ట్జ్‌ను తినేస్తుంది. 1950ల చివర అమెరికాలో రాబర్ట్ కోబుల్ కాంతిని దాటనిచ్చే అల్యూమినా పింగాణీని తయారు చేశాకే ఈ దీపం సాధ్యమైంది. 1960ల మధ్యలో మార్కెట్‌లోకి వచ్చింది. లోపల సోడియంతో పాటు పాదరసం, జినాన్ ఉంటాయి. దీన్ని వెలిగించడానికి ఇగ్నైటర్ కొన్ని వేల వోల్టుల క్షణిక పోటు ఇస్తుంది. వాట్‌కు సుమారు 80 నుంచి 150 ల్యూమెన్లు, 24,000 గంటల వరకు ఆయుష్షు, సుమారు 2,000 కెల్విన్ల (కాంతి ఛాయకు కొలత) రంగు దీని లక్షణాలు. సాధారణ పరిమాణాలు 70, 150, 250, 400 వాట్లు.

ముసలి సోడియం దీపం వెలిగి, ఆరి, కొద్దిసేపటికి మళ్లీ వెలుగుతుంది. వయసుతో దాని వోల్టేజీ అవసరం పెరుగుతుంది. చోక్ అంత ఇవ్వలేనప్పుడు ఆర్క్ తెగుతుంది, చల్లబడ్డాక మళ్లీ అంటుకుంటుంది. ఇది బల్బు మార్చాలన్న సూచన. చాలాసార్లు లైను లోపమని పొరబడతారు.

మెటల్ హాలైడ్, ట్యూబ్‌లైట్, ఇండక్షన్

పాదరసపు గొట్టంలో లోహ అయోడైడ్లు కలిపితే వర్ణపటం నిండుతుంది, తెల్లని కాంతి వస్తుంది. 1960లలో అమెరికాలో రూపు దిద్దుకున్న ఈ మెటల్ హాలైడ్ దీపం స్టేడియాలకు, కూడళ్లకు, వాణిజ్య వీధులకు తగినది. 1990లలో దానికీ పింగాణీ గొట్టం వచ్చి రంగు మరింత స్థిరపడింది. సోడియం దీపం కంటే ఆయుష్షు తక్కువ కావడం వల్ల మామూలు రోడ్లకు అంతగా చేరలేదు.

ఎల్ఈడీ రాకముందు సందులు, పంచాయతీ వీధుల్లో ట్యూబ్‌లైటుదే రాజ్యం. ట్యూబుల పేర్లలోని అంకె వ్యాసాన్ని అంగుళంలో ఎనిమిదో వంతులుగా చెబుతుంది. టి12 అంటే ఒకటిన్నర అంగుళం, టి8 ఒక అంగుళం, టి5 ఐదు ఎనిమిదో వంతులు. వాట్లలో ఇవి వరుసగా 40, 36, 28గా మనకు పరిచయం. ఎలక్ట్రోడ్లే లేని ఇండక్షన్ దీపం 1990లలో వచ్చింది. ఆయుష్షు చాలా ఎక్కువే అయినా ఎల్ఈడీ రాకతో విస్తరించే వ్యవధి దొరకలేదు.

సంకేతాక్షరాలు చదవడం

బల్బు మీది అక్షరాలు దేశాన్ని, కంపెనీని బట్టి మారతాయి. బ్రిటిష్ పద్ధతిలో ‘ఎం’ అంటే మెర్క్యురీ, ‘ఎస్‌ఓ’ అంటే సోడియం. ‘ఎంఏ’ గాజు గొట్టపు మెర్క్యురీ దీపం, ‘ఎంబీ’ క్వార్ట్జ్ గొట్టపుది. ‘ఎంబీఎఫ్/యు’లోని ‘ఎఫ్’ ఫాస్ఫర్ పూతను, ‘యు’ ఎటు తిప్పి పెట్టినా వెలుగుతుందన్న విషయాన్ని చెబుతాయి. ‘ఎంబీఐ’లోని ‘ఐ’ అయోడైడ్, అంటే మెటల్ హాలైడ్. ‘ఎస్‌ఓఎక్స్’ అల్ప పీడన సోడియం, ‘ఎస్‌ఓఎన్’ అధిక పీడన సోడియం. చివర ‘టి’ ఉంటే గొట్టపు ఆకారం, ‘ఇ’ ఉంటే అండాకారం.

జర్మన్ కంపెనీ ఓస్రామ్ మెర్క్యురీ దీపానికి ‘హెచ్‌క్యూఎల్’, మెటల్ హాలైడ్‌కు ‘హెచ్‌క్యూఐ’, సోడియానికి ‘ఎన్‌ఏవీ’ అని పెట్టింది. ఫిలిప్స్ మెర్క్యురీకి ‘హెచ్‌పీఎల్’, మెటల్ హాలైడ్‌కు ‘హెచ్‌పీఐ’ వాడింది. అమెరికా ప్రమాణం ప్రకారం ‘ఎస్’ అధిక పీడన సోడియం, ‘ఎల్’ అల్ప పీడన సోడియం, ‘హెచ్’ మెర్క్యురీ, ‘ఎం’ మెటల్ హాలైడ్. వెనక వచ్చే అంకె వాట్లు కాదు, ఆ దీపానికి సరిపడే చోక్ లక్షణాల సంకేతం. ‘ఎస్51’ 400 వాట్ల సోడియం, ‘హెచ్33’ 400 వాట్ల మెర్క్యురీ. ఒకే ‘ఎం’ బ్రిటిష్ బల్బు మీద మెర్క్యురీగా, అమెరికా బల్బు మీద మెటల్ హాలైడ్‌గా అర్థం మార్చుకుంటుంది. మన దేశపు టెండర్లలో ‘హెచ్‌పీఎస్‌వీ’ అధిక పీడన సోడియం ఆవిరి దీపం, ‘హెచ్‌పీఎంవీ’ అధిక పీడన మెర్క్యురీ ఆవిరి దీపం.

మూతి పేర్లు సులభం. ‘ఇ’ అంటే ఎడిసన్ మర మూతి, పక్కన అంకె మిల్లీమీటర్లలో వ్యాసం. చిన్న వాట్లకు ఇ27, పెద్దవాటికి ఇ40. ‘బీ22’ మన ఇళ్లలోని రెండు పిన్నుల మూతి. మూతి సరిపోయినంత మాత్రాన దీపం సరిపోదు. మెర్క్యురీ చోక్ ఉన్న ఫిట్టింగ్‌లో మామూలు సోడియం బల్బు పెట్టకూడదు. రెండింటిదీ ఇ40 మూతే కావచ్చు. చోక్, ఇగ్నైటర్ వేరు.

ఫిట్టింగులు, స్తంభాలు, కాంతి వ్యాప్తి

రోడ్డు పక్క స్తంభానికి బ్రాకెట్ మీద వంగి ఉండే పొడవాటి ఫిట్టింగ్‌ను అమెరికాలో కోబ్రా హెడ్ అంటారు. పడగ ఆకారమే ఆ పేరుకు మూలం. స్తంభం కొసన నేరుగా కూర్చునేది పోస్ట్ టాప్. పార్కులకు, కాలిబాటలకు వాడతారు. మోకాలి ఎత్తు పొట్టి దీపం బొలార్డ్. రోడ్డుకు అడ్డంగా లాగిన తీగకు వేలాడేది క్యాటినరీ. 20 నుంచి 30 మీటర్ల స్తంభం మీద ఫ్లడ్‌లైట్ల వలయం ఉంటే అది హైమాస్ట్. ఆ వలయాన్ని వించ్‌తో కిందికి దించి మరమ్మతు చేస్తారు.

భారత ప్రమాణం ఐఎస్ 1944 రోడ్లను తరగతులుగా విడగొట్టింది. వేగంగా, దట్టంగా వాహనాలు నడిచే ప్రధాన మార్గాలు ఏ1, వాటికి సగటున 30 లక్స్ (రోడ్డు మీద పడే వెలుగుకు కొలత). ఇతర ప్రధాన రోడ్లు ఏ2, 15 లక్స్. రద్దీ ఉన్న ద్వితీయ శ్రేణి రోడ్లు బీ1, 8 లక్స్. తక్కువ రద్దీవి బీ2, 4 లక్స్. రోడ్డు వెడల్పు స్తంభం ఎత్తుకు మించకపోతే ఒక్క వైపు దీపాలు చాలు. ఒకటిన్నర రెట్ల దాకా ఉంటే రెండు వైపులా అటొకటి ఇటొకటిగా, అంతకు మించితే ఎదురెదురుగా నిలపాలి.

పైకి, పక్కలకు వెలుగు పోకుండా బాగా అదుపు చేసే ఫిట్టింగ్ కట్-ఆఫ్. కొంత వదిలేది సెమీ కట్-ఆఫ్. అదుపు లేనిది నాన్ కట్-ఆఫ్. అమెరికాలో నేల మీద పరుచుకునే ఆకారాన్ని బట్టి టైప్ 1 నుంచి టైప్ 5 దాకా పేర్లున్నాయి. టైప్ 2, 3 రోడ్డు పక్క స్తంభాలకు, టైప్ 5 అన్ని వైపులా సమానంగా పడాల్సిన చోట్లకు.

ఎల్ఈడీ యుగం

1993లో షుజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని వెలుగులోకి తెచ్చాడు. నీలి చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తే తెల్లని వెలుగు వస్తుంది. నీలి ఎల్ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాలో కొన్ని ఎల్ఈడీ వీధి దీపాలు కొన్నేళ్లకే ఊదా రంగుకు తిరిగాయి. ఫాస్ఫర్ పొర ఊడిపోయి నీలి కాంతి బయటపడటమే కారణం.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం విద్యుత్ వ్యవస్థను కూల్చేసింది. పునర్నిర్మాణంలో భాగంగా నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్ఈడీకి మార్చారు. 2015 జనవరి 5న కేంద్రం జాతీయ వీధి దీపాల కార్యక్రమం ప్రారంభించింది. తర్వాత హైదరాబాద్ మహానగరంలోనూ లక్షల దీపాలు మారాయి, గ్రామ పంచాయతీలకూ ఎల్ఈడీలు చేరాయి. 40 వాట్ల ట్యూబు ఉన్నచోట 18–20 వాట్ల ఎల్ఈడీ సరిపోవడం పంచాయతీ కరెంటు బిల్లుకు పెద్ద ఊరట. దీపాల సమూహాన్ని దూరం నుంచి వెలిగించి, ఆర్పి, లోపాలు పట్టే పెట్టెను సిబ్బంది సీసీఎంఎస్ అంటారు.

ఎల్ఈడీకి పాత పద్ధతిలో ఒక పేరు చాలదు. 150 వాట్ల సోడియం అంటే వెలుగు, రంగు, ఆయుష్షు మూడూ దాదాపు తెలిసేవి. 70 వాట్ల ఎల్ఈడీ అంటే ఖర్చయ్యే కరెంటు తప్ప ఏమీ తెలియదు. అందుకని ల్యూమెన్లు, కెల్విన్లలో రంగు, రంగుల నాణ్యత సూచిక, దుమ్ము–నీటి రక్షణకు ఐపీ66 వంటి అంకె, పిడుగుపోటు తట్టుకునే కిలోవోల్టులు, వెలుగు 70 శాతానికి తగ్గే గంటలను తెలిపే ఎల్70, ఇవన్నీ కలిస్తేనే పూర్తి పేరు.

వెలుగుకు హద్దు

రాత్రి వెలుగు మనుషులకు మాత్రమే సంబంధించిన వ్యవహారం కాదు. మెర్క్యురీ దీపం అతినీలలోహిత కిరణాలతో పురుగులను గుంపులుగా లాగుతుంది; కీటక పరిశోధకులు వలల దగ్గర ఆ దీపమే పెడతారు. ఆంధ్ర తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల పిల్లలు గుడ్డు నుంచి బయటికి వచ్చిన వెంటనే సముద్రం మీది మెరుపు వైపు నడవాలి. తీరం దీపాలు వాటిని రోడ్డు వైపు మళ్లిస్తాయి. నీలి పాలు తక్కువగా ఉండే కాషాయ ఛాయ దీపాలు, కిందికి మాత్రమే వెలుగు చిమ్మే కట్-ఆఫ్ ఫిట్టింగులు ఇందుకు తగిన మందు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో వీధుల ఎల్ఈడీలకు 3,000 కెల్విన్లు లేదా అంతకంటే తక్కువ రంగును సూచించింది.

కాబట్టి ఒక వీధికి దీపం ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి: కాంతి దేని నుంచి వస్తోంది, ఏ రంగులో వస్తోంది, ఫిట్టింగ్ దాన్ని ఎటు పంపుతోంది, ఆ రోడ్డు తరగతికి ఎంత లక్స్ కావాలి. పంచాయతీ తీర్మానంలోనో మునిసిపల్ టెండరులోనో ‘ఎల్ఈడీ లైట్లు, ఇన్ని వాట్లు’ అని మాత్రమే రాస్తే వీటిలో మొదటిదానికి తప్ప దేనికీ జవాబు ఉండదు. నాలుగూ రాసినప్పుడే పన్ను కట్టే ఊరివాళ్లు కొన్నదాన్ని సరిచూసుకోగలరు, నాసిరకం దీపాన్ని వెనక్కి పంపగలరు.